చెట్టు కొట్టే మనిషి భద్రత గురించి ఇంటివాళ్లు పట్టుబట్టాలా?

వాననీడ:
మా పెరట్లో పాత చెట్టు సగం ఎండిపోయి ఇంటి కప్పు మీదికి వాలింది. కొట్టించడానికి ఇద్దరిని పిలిచాను. ఒకాయన హెల్మెట్ లేకుండా, నడుముకు ఒక్క తాడు చుట్టుకుని మోటారు రంపంతో పైకెక్కబోయారు. సరైన సామగ్రి లేకుండా ఎక్కవద్దన్నాను. "20 ఏళ్లుగా ఇదే పని చేస్తున్నానండీ, నాకు తెలియదా?" అని నొచ్చుకున్నారు. పని ఆపించి పంపేశాను. ఇంట్లో వాళ్లు మాత్రం "ఆయన పని ఆయనకు నేర్పడానికి నువ్వెవరు?" అంటున్నారు. నేను చేసింది తప్పా?

నిక్కచ్చి:
తప్పనే అంటాను. ఏ కొమ్మ బరువు ఆపుతుందో, ఏది విరుగుతుందో ఆయనకు మీకంటే బాగా తెలుసు. కింద నిలబడి జాగ్రత్తలు చెప్పేవాళ్ల వల్లే పైన ఉన్న మనిషి ధ్యాస చెదురుతుంది. పైగా ఆయనకు ఆ రోజు కూలి పోయింది. రేపు ఇంకో ఇంట్లో అదే ఒక్క తాడుతో ఎక్కుతారు. మీ మనసు కుదుటపడటం తప్ప ఎవరికి ఏం ఒరిగింది?

తాడుపని:
నేను 14 ఏళ్లు ఈ పని చేసినవాణ్ని. నిక్కచ్చి గారి మాటలో ఒకటి నిజం. మనిషి పైకెక్కాక కింది నుంచి అరవకూడదు. మాట్లాడవలసింది ఎక్కకముందే. వాననీడ గారు చేసింది అదే కదా.

అనుభవం ఉంటే కొమ్మ సంగతి తెలుస్తుంది. రంపం వెనక్కి తన్నితే మాత్రం ఆ అనుభవం అక్కరకు రాదు. రంపం పలక కొసలో పైభాగం దేనికైనా తగిలితే చాలు, పలక ఒక్కసారిగా ముఖం మీదికి లేస్తుంది. గొలుసేమో సెకనుకు 20 మీటర్లకు పైగా పరుగెడుతుంటుంది. రెప్పపాటులో అంతా అయిపోతుంది.

నా ఎడమ తొడ మీద జానెడు మచ్చ ఉంది. నేల మీదే నిలబడి, కోత అయ్యాక రంపం దించుతుంటే ఇంకా ఆగని గొలుసు తగిలింది. ఆ తర్వాత రక్షణ ప్యాంటు లేకుండా రంపం ముట్టలేదు. దాని లోపల పొడవాటి నారలు పొరలు పొరలుగా ఉంటాయి. గొలుసు తగలగానే అవి బయటికి వచ్చి పళ్లచక్రానికి చుట్టుకుని రంపాన్ని ఆపేస్తాయి. గుడ్డ చిరుగుతుంది, కాలు దక్కుతుంది.

ఇక ఆ ఒక్క తాడు సంగతి. పైన రంపంతో కోసేటప్పుడు మనిషిని రెండు తాళ్లు పట్టుకుని ఉండాలి. పొరపాటున తన తాడును తానే కోసుకుంటే రెండోది కాపాడుతుంది. పైగా మీది సగం ఎండిన చెట్టు. ఎండుకొమ్మ వంగదు, ముందుగా ఏ సూచనా లేకుండా విరిగిపోతుంది. బాగా వాలిన కాండాన్ని వెనుక నుంచి మామూలుగా కోస్తూ పోతే అది నిలువునా చీలి, చీలిన చెక్క కోసేవాడి మీదికి విసురుగా లేస్తుంది.

కొత్తకాపు:
ఇదంతా ఎందుకు? నిచ్చెన వేసుకుని మనమే కొమ్మ కొమ్మ కోసుకుంటే పోదా?

తాడుపని:
దయచేసి ఆ పని చేయకండి. నిచ్చెన ఆనించిన కొమ్మ, కొస తెగి పడగానే బరువు తగ్గి పైకి లేస్తుంది. నిచ్చెనకు ఆనిక పోతుంది. లేదంటే తెగిన కొమ్మే ఊగి వచ్చి నిచ్చెనను కొడుతుంది. కరెంటు తీగ దగ్గరగా ఉంటే సరఫరా ఆపించకుండా అటు వెళ్లనే కూడదు. పచ్చి కొమ్మలోనూ, తడి తాడులోనూ కరెంటు పారుతుంది.

నిక్కచ్చి:
రక్షణ ప్యాంటు గురించి నాకు తెలియదు, ఒప్పుకుంటున్నాను. అయినా నా ప్రశ్న తీరలేదు. మనం పని ఇచ్చేది అందరికంటే తక్కువ అడిగినవాళ్లకు. బెల్టు, హెల్మెట్, రెండో తాడు ఖర్చు కూడా కలిపి అడిగినవాణ్ని "మరీ ఎక్కువ చెబుతున్నాడు" అని పంపేస్తాం. అలాంటి మనకు పట్టుబట్టే హక్కు ఎక్కడిది?

తాడుపని:
ఆ మాట మాత్రం నూటికి నూరుపాళ్లు నిజం. నా కాలు తెగిన రోజున ఆ ఇంటివాళ్లు చీకటి పడేలోగా ముగించమని మూడుసార్లు వచ్చి చెప్పారు. ఆ తొందరలోనే గొలుసు ఆగేదాకా చూడలేదు. సామగ్రికి, సమయానికి కూడా డబ్బు ఇవ్వడానికి సిద్ధపడినవాళ్లు పట్టుబట్టవచ్చు.

వాననీడ:
ఇది చదివాక ఆయనకు ఫోను చేశాను. పంపేసినందుకు క్షమించమని అడిగి, సరైన సామగ్రితో చేయడానికి ఎంతవుతుందో, ఎన్ని రోజులు పడుతుందో చెప్పమన్నాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత "రెండో తాడుకు కూడా ఇస్తారా?" అన్నారు. ఇస్తానన్నాను. ముందు వచ్చి చెట్టును కింది నుంచి అన్ని వైపులా చూసి చెబుతానన్నారు. పని జరిగేటప్పుడు చెట్టు ఎత్తుకు రెండింతల దూరం దాకా పిల్లల్ని రానివ్వను.

నిక్కచ్చి:
కింద తాడు పట్టుకునే రెండో మనిషికి కూడా హెల్మెట్ అడిగారా? పైనుంచి కొమ్మ జారితే ముందు తగిలేది ఆయనకే.