ఇంటివాళ్లు, ఆఫీసువాళ్లు: టీమ్‌లో పొసగట్లేదు

ప్రశ్న: హైటెక్ సిటీలో పన్నెండుమంది టీమ్. వారానికి మూడు రోజులు ఆఫీసు అనగానే సగంమంది ముఖం మాడ్చుకుంటున్నారు, మిగతావాళ్లు ‘రావడానికేం?’ అంటున్నారు. ఏం చేయాలి?

జవాబు 1: దీని మూలం 2020 మార్చి లాక్‌డౌన్‌లోనే ఉందండీ. సర్వర్ రూమ్ సపోర్టువాళ్లు అప్పుడూ పాసులు పట్టుకుని డ్యూటీకి వెళ్లారు; కోడ్ రాసేవాళ్లకు ప్రయాణం తప్పి, రోజులో కొంత సమయం చేతికొచ్చింది. ఇద్దరి మాటా న్యాయమే. అందరికీ అవే మూడు రోజులు పెట్టండి. ఎవరికి తోచినరోజు వాళ్లొస్తే, ఆఫీసులోనూ హెడ్‌సెట్ పెట్టుకుని ఇంట్లోవాళ్లతో మాట్లాడటమే మిగులుతుంది.

జవాబు 2: మీటింగ్‌లో ఒక్కరు ఇంటి నుంచి చేరినా అందరూ ఎవరి ల్యాప్‌టాప్‌లో వాళ్లు చేరాలి. గదిలో ఒక్కదానికే మైకూ స్పీకరూ ఉంచి, మిగతావాటిలో రెండూ ఆపేయండి. లేకపోతే గీమని కూత.

జవాబు 3: టీ దగ్గర తేలిన నిర్ణయం ఆ సాయంత్రానికే గ్రూపులో రాయాలి. ఇంట్లో ఉన్నవాళ్లకు అది తెలియకపోతే, అసలు కోపం అక్కడే పుడుతుంది.