కక్ష్యలో చెత్తను వలేసి లాగితే సరిపోదా?

ఫైనలియర్_మెకానికల్:
మా బీటెక్ ప్రాజెక్టు కక్ష్యలోని చెత్తను తీసే నౌక డిజైన్. వల విసిరి పట్టుకుని కిందికి లాగడమే తేలిక అని నేనంటున్నా, మా గైడ్ మాత్రం రోబో చెయ్యి పెట్టమంటున్నారు. 2018లో రిమూవ్‌డెబ్రిస్ అనే ప్రయోగ ఉపగ్రహం వల విసిరి చూపించింది కదా, మరి ఎవరూ ఎందుకు వాడట్లేదు? వచ్చే వారమే రివ్యూ, టెన్షన్‌గా ఉంది.

పాతాళగరిగ:
తమ్ముడూ, ఆ వీడియో మళ్లీ చూడు. వాళ్లు పట్టింది తామే వదిలిన క్యూబ్‌శాట్‌ని, అంటే చిన్న పెట్టెలాంటి ఉపగ్రహాన్ని, అదీ ఏడు మీటర్ల దూరంలో, పట్టాక లాగలేదు కూడా. అసలు కష్టం లాగడంలోనే ఉంది. వలకి కట్టిన తాడుతో లాగగలవు గానీ నెట్టలేవు కదా, ఇంజన్ మండుతున్నంతసేపూ తాడు సాగి ఉంటుంది, ఆపగానే అది ముడుచుకుని ఆ టన్నుల బరువుని నీ మీదికే తెస్తుంది. మా ఊళ్లో బావిలో బకెట్ పడితే పాతాళగరిగ వేసి తీసేవాళ్లం, బకెట్ అడుగున కదలకుండా ఉంటుంది, పైగా దానికి పిడి ఉంటుంది. చచ్చిన రాకెట్ దశ, అంటే పని అయిపోయాక కక్ష్యలోనే మిగిలిపోయిన రాకెట్ పై భాగం, దొర్లుతూ ఉంటుంది, పిడీ ఉండదు.

ఫైనలియర్_మెకానికల్:
పిడి లేదు కాబట్టే కదన్నా వల అంటున్నా! చెయ్యి మాత్రం దేన్ని పట్టుకుంటుంది?

కక్ష్య_లెక్కలు:
మంచి ప్రశ్న అండి. రాకెట్ దశ పైన ఉపగ్రహాన్ని బిగించే గట్టి వలయం ఉంటుంది, ఉన్నంతలో అదే పిడి. జపాన్‌కి చెందిన ఆస్ట్రోస్కేల్ కంపెనీ 2024లో అడ్రాస్-జె అనే నౌకని పంపింది, 2009లో వదిలేసిన జపాన్ హెచ్-2ఏ రాకెట్ దశ దగ్గరికి. 11 మీటర్ల పొడవు, మూడు టన్నుల బరువున్న ఆ దశకి 15 మీటర్ల దూరం దాకా వెళ్లింది, ముట్టుకోలేదు. ఫోటోలు తీసి, కదలిక ఎలా ఉందో చూడడానికే ఒక మిషన్ మొత్తం పెట్టారు. ఆ దశలో జీపీఎస్ లేదు, జవాబిచ్చే రేడియో లేదు, కెమెరాలతోనే దూరం తెలుసుకోవాలి. మీ రిపోర్టులో సగం దీనికే ఇవ్వండి.

పాతాళగరిగ:
ఇంకోటి, బల్లెం గుచ్చే ఆలోచన ఉంటే మానుకో. 2001లో మన పీఎస్ఎల్వీ నాలుగో దశ ఒకటి కక్ష్యలోనే పేలి మూడొందలకు పైగా ముక్కలైంది. పాత దశలో ఇంధనం మిగిలి ఉంటే గుచ్చడం ప్రమాదం. ఇస్రో కూడా స్పేడెక్స్ (రెండు ఉపగ్రహాల్ని కక్ష్యలో కలిపే ప్రయోగం)తో వెళ్లిన పోయెమ్-4లో, అంటే ప్రయోగాలకి వాడుకున్న పీఎస్ఎల్వీ నాలుగో దశలో, చెత్తను పట్టే రోబో చెయ్యే పెట్టింది, ఒకసారి దాని గురించి చదువు.

ఫైనలియర్_మెకానికల్:
అయితే పీఎస్ఎల్వీ నాలుగో దశనే టార్గెట్‌గా తీసుకుంటా. ఆ వలయం కొలతలు ఎక్కడ దొరుకుతాయో చెప్పగలరా?