అక్టోబర్ 21, పోలీసు అమరవీరుల సంస్మరణ దినానికి మా అవ్వను తీసుకుపోవచ్చా?

మా చిన్నాయన కానిస్టేబుల్. శేషాచలంలో ఎర్రచందనం దొంగలను అడ్డుకోబోయి చనిపోయినాడు. ఆయన టోపీ ఇంకా బియ్యం డబ్బా మీదే ఉంది. దుమ్ము అవ్వే తుడుస్తుంది, ఇంకొకరిని తాకనీదు. ఈసారి తిరుపతిలో అమరుల స్తూపం కాడ పూలు పెడతానంటోంది. ఎవురినడగాల?

జవాబు: ఆయన పనిచేసిన స్టేషన్లో ముందే చెప్పు తమ్ముడూ. అమరుల కుటుంబాలను పిలుస్తారు. పేర్లు చదువుతారు, అవ్వ ఆ పేరు వినాల.

జవాబు: 1959లో లడఖ్ హాట్ స్ప్రింగ్స్ కాడ చైనా సైనికుల కాల్పుల్లో 10 మంది సీఆర్పీఎఫ్ జవాన్లు పోయిన రోజది. 2013 డిసెంబరులో మన శేషాచలంలోనే దొంగలు ఇద్దరు అటవీ అధికారులను చంపేసినారు. వాళ్ళనీ తలుచుకోండి.

అడిగినవాడు: తలుచుకుంటాం అన్నా. టోపీ కూడా తెస్తానంటోంది అవ్వ. సంచిలో వద్దంట, ఒళ్ళోనే పెట్టుకుంటాదంట.