అప్‌డేట్: 30 దాటినా తగ్గని బరువుల లెక్క తేలింది

పోయిన నెల నేను అడిగింది ఇది: మా బరంపురం వ్యాయామశాల పాత నోటుపుస్తకాల ప్రకారం వెయిట్‌లిఫ్టర్లు ఎత్తే సగటు బరువు 30 ఏళ్లు దాటాక కూడా తగ్గడం లేదు, ఎందుకని?

మీరు చెప్పినట్టే ఒక్కొక్కరి పేరు పట్టుకుని, ఎవరి లెక్కను వాళ్ల పాత లెక్కతోనే పోల్చాను. చాలామందికి 27, 28 ఏళ్లకే దిగుడు మొదలైంది. తగ్గినవాళ్లు మానేశారు, గట్టివాళ్లు మిగిలారు. నిలబడింది సగటు మాత్రమే. ఒక పేజీలో ఒకతని పేరు పక్కన ‘మోకాలు’ అని పెన్సిలుతో రాసి ఉంది. ఆ తర్వాత అన్నీ ఖాళీ గళ్లే. వాటినే నేను పనికిరావని కొట్టేశాను, బుద్ధి తక్కువై!

ఇంకో చిక్కు, పోటీదారు ఒంటి బరువును బట్టి ఉండే విభాగం మారడం. మా ఊరి కె. రవికుమార్ 2010 ఢిల్లీ కామన్వెల్త్ క్రీడల్లో 69 కిలోల విభాగంలో స్వర్ణం, 2014 గ్లాస్గోలో 77 కిలోల్లో రజతం గెలిచారు. ఒంటి బరువుతో పాటు పెరిగిన బలాన్ని వయసు ఖాతాలో వేయకూడదు కదా. ఇంకా పోటీల్లో ఉన్న కుర్రాళ్లను వేరుగా పెట్టాను, వాళ్ల అత్యుత్తమం ఇంకా ముందుందేమో.

ఒడియా చేతిరాతలో ఉన్న రెండు పుస్తకాలు మిగిలాయి. పక్కింటి మాస్టారు చదివిపెడతానన్నారు.