ఆస్కార్ చేపకి మేతగా బతికున్న గప్పీ చేపలు వేయొచ్చా? ఉప్పునీళ్లలో ముంచితే సరిపోతుందా?

మూడడుగుల_ట్యాంక్: షాపులో పాతిక గప్పీలు కొని రాగానే ఆస్కార్‌కి వేశాను. ఐదో రోజుకి రెక్కల మీద ఉప్మా రవ్వ చల్లినట్టు తెల్ల చుక్కలు. గులకరాళ్లకి ఒళ్లు రుద్దుకుంటోంది. ఇలా మేతగా వేసే ఫీడర్ చేపలు పూర్తిగా మానేయాలా?

అరోవానా_శ్రీను: మానక్కర్లేదు తమ్ముడూ. పదేళ్లుగా వేస్తున్నాను. లీటరుకి పది గ్రాముల కల్లుప్పు కలిపి, పది నిమిషాలు ముంచి వేసెయ్.

వల_బకెట్: శ్రీనుగారూ, ఆ తెల్ల చుక్కల జబ్బు తెచ్చే వైట్‌స్పాట్ పురుగు చర్మం కింద దాక్కుంటుంది. అక్కడికి మీ ఉప్పు అందదు. ఎదిగాక రాలిపోయి, ట్యాంక్ అడుగున అతుక్కుని వందల పిల్లల్ని వదులుతుంది. ఆ పిల్లలు నీళ్లలో ఈదుతున్నప్పుడే మందుకి చస్తాయి. అందుకే ఫీడర్లని విడి టబ్బులో కనీసం మూడు వారాలు ఉంచాలి. స్పాంజ్ ఫిల్టర్ పెట్టి, రోజూ మేత వేయాలి. ఆ టబ్బు వల ఆ టబ్బుకే.

గోదారి_గప్పీ: ఇంట్లో వాడే అయోడిన్ ఉప్పు పనికొస్తుందా?

అరోవానా_శ్రీను: వద్దు! చేపలు చస్తాయి.

వల_బకెట్: చావవు. అందులో ఉండే అయోడిన్ ఎంతని?

అరోవానా_శ్రీను: మీరు చదివి చెప్తున్నారు, నేను పెంచి చెప్తున్నాను. కల్లుప్పే వాడాలి.

వల_బకెట్: నేనూ పెంచాను. షాపాయన అన్ని ట్యాంకుల్లోనూ ఒకే వల ముంచుతుంటే చూస్తూ కూడా కొన్నాను. నా ఆస్కార్ పొట్ట కింద దారం ముక్కలా వేలాడుతున్న యాంకర్ వార్మ్ అనే పురుగుని ట్వీజర్‌తో నేనే లాగాను. పుండు మానలేదు. ఆరేళ్ల ఆస్కార్ పోయింది. ఇప్పుడు ఉప్పు గురించే మాట్లాడదామా?

చెరువుగట్టు: గోల్డ్‌ఫిష్ పిల్లల్ని మాత్రం రోజూ వేయకండి. వాటిలోని థయామినేజ్ అనే ఎంజైమ్ బి1 విటమిన్‌ని పాడుచేస్తుంది. కాలవల్లో పట్టిన గంబూసియా (దోమపిల్లల్ని తినే చిన్న చేప) అసలు వద్దు.

అరోవానా_శ్రీను: మాది సింగిల్ బెడ్‌రూమ్ ఇల్లు. మూడు వారాలకి సరిపడా గప్పీల టబ్బు ఎక్కడ పెట్టను?

వల_బకెట్: అయితే పెల్లెట్లు (ఎండు మేత గుళికలు) అలవాటు చేయండి. నాలుగు రోజులు పస్తుంటే అదే తింటుంది. మీకు కావాల్సింది చేప ఆకలి తీరడం కాదు, వేట చూడడం.

అరోవానా_శ్రీను: అవును, వేటే. పక్షవాతం వచ్చాక మా నాన్న టీవీ కూడా చూడట్లేదు. సాయంత్రం ఆరింటికి కుర్చీ ట్యాంక్ దగ్గరికి జరపమని చేత్తో సైగ చేస్తాడు. గప్పీ కోసం మా అరోవానా చేప పైకి ఎగిరితే నవ్వుతాడు. పెల్లెట్‌కి ఎగరదండీ.

వల_బకెట్: ఈ మాట మొదటే చెప్పి ఉంటే అంత గట్టిగా అనేవాణ్ని కాదు. నా సంగతీ చెప్తాను. ఆస్కార్ పోయాక ఇంకొకటి తెచ్చాను, ఫీడర్లని పద్ధతిగా మూడు వారాలు సాకాను. నేను వెళ్తే అన్నీ మేతకి పైకి వచ్చేవి. వాటిని వలలో పట్టి వేయడానికి చెయ్యి రాలేదు. నేను మానేసింది జబ్బు భయంతో కాదు.

అరోవానా_శ్రీను: నేను వాటిని ఒక్కరోజు కూడా ఉంచుకోను. అందుకే వేయగలుగుతున్నానేమో.

చెరువుగట్టు: అరోవానా మిడతకి ఇంకా బాగా ఎగురుతుంది. పెంచినవే వేయండి, పురుగుమందు కొట్టిన పొలంలోవి కాదు.

మూడడుగుల_ట్యాంక్: అన్నా, మరి నా ఆస్కార్?

వల_బకెట్: నీళ్లు మెల్లగా 30 డిగ్రీలకి పెంచు, ఏరేటర్ ఆపకు. రోజూ గులకరాళ్ల అడుగు సైఫన్ చెయ్యి. చుక్కలు పోయాక కూడా వారం పైన కొనసాగించు. వైట్‌స్పాట్ మందు వేస్తే డబ్బా మీద ఉన్న మోతాదే.

అరోవానా_శ్రీను: ఉప్పు కూడా వెయ్యి తమ్ముడూ. కల్లుప్పు.