భజన రికార్డింగు మెయిల్‌లో వెళ్లట్లేదు. మ్యాక్, విండోస్, ఉబుంటు మూడింట్లో వినపడాలంటే?

బ్రాడీపేట_భజన:
మా మండలి పాడిన భజన, 14 నిమిషాలు. వేవ్ ఫైలు (కుదించని ఆడియో) 140 ఎంబీ పైనే ఉంది. విజయవాడలో ముగ్గురికి పంపాలి. ఒకరిది మ్యాక్, ఒకరిది పాత విండోస్ 7, ఇంకొకరిది ఉబుంటు. జిప్ చేసినా జీమెయిల్‌లో అటాచ్ కావట్లేదు. పైగా జిప్‌లో పెట్టిన తెలుగు ఫైలు పేర్లు విండోస్ 7లో పిచ్చి గుర్తుల్లా కనిపిస్తున్నాయట. ఏం చేయాలి?

పటమట_ఆడియో:
జీమెయిల్ హద్దు 25 ఎంబీ అంటారు గానీ అంత ఫైలు పట్టదు. అటాచ్‌మెంటు బేస్64లోకి (ఫైలుని మామూలు అక్షరాలుగా రాసే పద్ధతి) మారి వెళ్తుంది, ప్రతి 3 బైట్లూ 4 అవుతాయి. కాబట్టి 18 ఎంబీ దాటనివ్వకండి. వేవ్‌ని జిప్ చేస్తే తగ్గేది కొంచెమే, ఎంపీ3ని చేస్తే అసలు తగ్గదు.

ఆడాసిటీలో (ఆడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్) వేవ్ తెరిచి ఎంపీ3గా ఎక్స్‌పోర్ట్ చేయండి. బిట్ రేట్ (సెకనుకు ఎన్ని కిలోబిట్లు అన్నది) కాన్‌స్టంట్, 160 కేబీపీఎస్ పెడితే 14 నిమిషాలకు సుమారు 17 ఎంబీ వస్తుంది. 192 పెడితే 20 అవుతుంది, మెయిల్ తిరిగొచ్చే ప్రమాదం ఉంది. ఎంపీ3 మూడు కంప్యూటర్లలోనూ మోగుతుంది. డబ్ల్యూఎంఏ (విండోస్ ఆడియో ఫార్మాట్) మాత్రం వద్దు, మ్యాక్ దాన్ని నేరుగా తీసుకోదు.

అరండల్‌పేట_శ్రోత:
160 కంటే దిగకండి. 128లో గొంతు బాగానే ఉంటుంది, తాళాల మోత మాత్రం నీళ్లలోంచి వచ్చినట్టు వినిపిస్తుంది. మార్చిన ప్రతిసారీ అసలు వేవ్ నుంచే మార్చండి. ఎంపీ3ని మళ్లీ ఎంపీ3 చేస్తే నష్టం మీద నష్టం.

ఫైలు పేరు ఇంగ్లీష్ అక్షరాల్లో పెట్టి, జిప్ లేకుండా విడిగా పంపండి. తెలుగు పేరు ట్యాగ్‌లో (ఫైలు లోపల పాట వివరాలు ఉండే చోటు) రాయండి. ఎంపీ3ట్యాగ్ అనే ట్యాగ్ ఎడిటర్ ఆప్షన్లలో ట్యాగ్స్, ఎంపెగ్ కింద ఐడీ3వీ2.3 యూటీఎఫ్-16 (ట్యాగ్ వెర్షన్, అక్షరాల ఎన్‌కోడింగ్) ఎంచుకోండి. 2.4 పెడితే విండోస్ 7 చదవదు. కారు స్టీరియోలో డబ్బాలు కనిపిస్తే మీ ట్యాగ్ తప్పు కాదు, అందులో తెలుగు ఫాంట్ లేదు.

బ్రాడీపేట_భజన:
మ్యాక్ వాడే ఆయనకు తగ్గించని నాణ్యతే కావాలట. డ్రైవ్ లింక్ ఇస్తే పర్మిషన్ అడుగుతోందట.

పటమట_ఆడియో:
ఆయనకు ఫ్లాక్ (నాణ్యత పోకుండా కుదించే ఫార్మాట్) చేయండి, సైజు సగానికి అటూఇటూ వస్తుంది. మెయిల్‌లో మాత్రం పట్టదు, డ్రైవే దారి. షేర్ నొక్కి, జనరల్ యాక్సెస్‌ని 'లింక్ ఉన్న ఎవరైనా' అని మార్చి, 'వ్యూయర్' పెట్టి, అప్పుడు లింక్ కాపీ చేయండి. మ్యాక్ మ్యూజిక్ యాప్ ఫ్లాక్‌ని తీసుకోదు, వీఎల్‌సీ ప్లేయర్‌లో తెరవమనండి.