పోచంపల్లి నేత ప్రాంతానికి హద్దు ఎక్కడ గీయాలి?

ప్రశ్న:
భూదాన్ పోచంపల్లి కేంద్రంగా చేనేత పర్యాటక ప్రాంతానికి మ్యాపు తయారుచేస్తున్నాం. యాదాద్రి భువనగిరి జిల్లా హద్దునే తీసుకుంటే కొయ్యలగూడెం, పుట్టపాక లోపలికొస్తాయి గానీ గట్టుప్పల్ నల్లగొండ జిల్లాలో ఉండిపోతుంది. జిల్లా గీత వదిలేస్తే హద్దు దేన్నిబట్టి తేల్చాలండీ?

జవాబు 1:
నూలు ఎటు పోతే అటు పోవాలండీ. 2016లో జిల్లాలు విడగొట్టినప్పుడు పడ్డ గీత అది, మగ్గానికీ దానికీ సంబంధం లేదు. ఊరూరా అయిదు సంగతులు రాసుకోండి: నూలు, పట్టు ఎక్కణ్ణుంచి వస్తున్నాయి, ఆసు ఎవరు పోస్తారు (చిటికి కట్టే ముందు నూలును మేకుల మీద అటూ ఇటూ చుట్టే పని), చిటికి (రంగు అంటకూడని చోట నూలుకు బిగించే కట్టు) కట్టి రంగు వేసేది ఎక్కడ, అచ్చు అతికేదెవరు (కొత్త నిలువు పోగుల్ని మగ్గం మీది పాతవాటికి కలిపే పని), నేసిన చీర ఎవరి చేతికి పోతుంది. ప్రతి సమాధానాన్నీ ఊరి నుంచి ఊరికి గీతగా మ్యాపు మీద వేయండి. గీతలు గుమిగూడిన చోటు కేంద్రం, పలచబడి ఆగిన చోటు హద్దు. గట్టుప్పల్ లోపలో బయటో అప్పుడు మ్యాపే చెబుతుంది.

ఒక్క మాస్టర్ వీవర్‌ను (నూలిచ్చి కూలికి నేయించే ఆసామిని) అడిగి ముగించకండి. ఆయన మగ్గాల లెక్క చెబుతాడు. ఆసు పోసేది ఎక్కువగా ఇంట్లో ఆడవాళ్లు, వాళ్ల పని ఆ లెక్కలోకే రాదు.

జవాబు 2:
పై పద్ధతి సరైందే, కానీ చరిత్ర గీతనూ పని గీతనూ కలిపేయకండి. తేలియా రుమాలు (చిటికి పద్ధతిలో నేసే ఒక రకం గుడ్డ) మూలం చీరాల, ఇప్పుడది నిలిచింది పుట్టపాకలో. దానికి 2020లో భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) వచ్చింది. అలాగని చీరాలను ఈ ప్రాంతంలోకి లాగితే రోజంతా బస్సులోనే గడుస్తుంది. ఆ సంగతి పుట్టపాకలోనే చెప్పండి: ఆముదపు కాయల బూడిద నీళ్లు, నూనె పట్టించిన నూలును చేతికివ్వండి. ఆ వాసన ఒక్కసారి పీలిస్తే తేలియా (హిందీలో తేల్ అంటే నూనె) అన్న పేరు ఎందుకొచ్చిందో విడమరచక్కర్లేదు.

జవాబు 3:
మ్యాపు తేలాక అసలు చిక్కు ఇంటి గదిలో ఉంది. గుంట మగ్గం పెట్టిన గదిలో ఆరుగురు నిలబడితే నేసేవాళ్లకు వెలుతురు అడ్డు. బస్సు నిండా జనాన్ని ఒకే ఇంటికి పంపితే పూట పని పోతుంది, నేతకు కూలి గజాల లెక్కనో చీరల లెక్కనో కాబట్టి ఆ నష్టం వాళ్లదే. ఇంటికి ఇంతని రుసుము ముందే కట్టండి, దుకాణం కమీషన్‌తో ముడిపెట్టకండి. చిటికి కట్టే ఇల్లు, రంగుల ఇల్లు, మగ్గం ఇల్లు వేర్వేరుగా చూపిస్తే గుంపు కూడా విడిపోతుంది. వానాకాలంలో మగ్గం గుంటలోకి చెమ్మ ఊరుతుంది, వీధిలో పడుగు (నిలువు పోగులు) సాగదీయడం కుదరదు. ఆ నెలలకు చిటికి, ఆసు చూపించే దారి వేరుగా వేసుకోండి.